వేలికి అందే దూరం

భీమవరం,
3 అక్టోబరు 2025

తాళ్ళరేవు పడవల షెడ్డులో సుత్తి పక్కన పెట్టి ఈ ఉత్తరం చదువుతున్న మావయ్యకి, మీ మేనకోడలు సాయిదుర్గ దండాలు.

ఫోన్ చేస్తే మీకు వినపడదు. గట్టిగా అరిస్తే హాస్టల్లో అందరికీ వినపడుతుంది, మీకు తప్ప. అత్తయ్య మధ్యలో నిలబడి అందిస్తే నేను చెప్పేదొకటి, మీకు చేరేదొకటి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాస్త పెద్ద ఉత్తరం. టీ తెప్పించుకుని కూర్చోండి.

నేనిక్కడ ఇంజనీరింగ్ చదువుతూనే రెండేళ్ళుగా పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటున్నాను. కంగారుపడకండి. ఇది మందుగుండుది కాదు, గాలితో కొట్టేది. రొయ్యల మేత అమ్మే షాపు మేడమీద మా రేంజి, అంటే మేం కాల్చడం నేర్చుకునే చోటు, ఉంది. పది మీటర్ల దూరంలో, అంటే మీరు కట్టే మధ్యరకం పడవ ఈ కొస నుంచి ఆ కొసంత దూరంలో, ఒక అట్టకాగితం వేలాడుతుంది. దాని నడిమధ్యన పది మార్కుల గుండ్రం ఉంటుంది. అది అమ్మ పెట్టుకునే బొట్టుబిళ్ళంత. ఒంటి చెయ్యి చాపి నిలబడి అరవై గుళ్ళు కొట్టాలి. అన్నీ పదులైతే ఆరువందలు. నాకిప్పుడు ఐదువందల యాభై దాకా వస్తున్నాయి.

డిసెంబరు పద్నాలుగున విజయవాడలో రాష్ట్ర జూనియర్ జట్టుకి ట్రయల్స్. ఐదువందల అరవై వస్తేనే చోటు. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది. జూనియర్ జట్టుకి నాకిదే ఆఖరి అవకాశం మావయ్యా.

ఐదుగురం ఒకే పాత పిస్టల్‌తో నెట్టుకొస్తున్నాం. ఇక్కడ రొయ్యపిల్లల హేచరీ నడిపే ఉదయభాస్కర్‌గారు ఒక కొత్తది ఇప్పిస్తానన్నారు. నా చేతికి సరిపోయేది నన్నే చూసుకోమన్నారు. మా కోచ్ ఐజాక్ సార్ చూడ్డానికని రెండు రకాలు తెప్పించారు. మొదటిదాని గ్రిప్పు, అంటే పిడి, నా చేతిలో కుదురుగా ఉంది. కాని ట్రిగ్గరు దూరం. వేలి కొస మాత్రమే అందుతుంది. అందుకోడానికి మణికట్టు తిప్పాల్సొస్తుంది, గుళ్ళన్నీ ఎడమకి పోతాయి. రెండోదాని ట్రిగ్గరుని వెనక్కీ ముందుకీ జరుపుకోవచ్చు. వేలి కొస కణుపులోని మెత్తటి భాగం సరిగ్గా దానిమీద పడుతుంది. పిడి మాత్రం లావు. ఎవరో మగాడి చేతికి చేసినట్టుంది, నా అరచేతిలో తిరిగిపోతోంది.

ఏది తీసుకోను? ఇరవయ్యో తేదీలోగా చెప్పాలి. నా ఎనిమిదో ఏట మీరు నా చేతి కొలతకి తెడ్డు చేసిచ్చారు. చేతికి సరిపోవడమంటే ఏంటో మీకంటే తెలిసినవాళ్ళు నాకు లేరు.

రెండిటినీ మార్చి మార్చి పట్టుకుంటూ ఎటూ తేల్చుకోలేని
సాయిదుర్గ


తాళ్ళరేవు,
9 అక్టోబరు 2025

తుపాకీ పట్టిన మేనకోడలికి, చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని తిప్పిన పల్లంరాజు మావయ్య రాసేది.

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నా గుండె గుభేలుమంది. మీ అత్త లోవలక్ష్మి నా మొహం చూసి చేతిలో గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. మీ నాన్నని పిలిపించి నిలదీశాను. "పిల్ల తుపాకీ కాలుస్తుందంట, నీకు తెలుసా సురేష్‌బాబూ?" అంటే, వాడు తాపీగా నా చెవిలో నోరు పెట్టి, "ఆయ్, తెలుసు బావా. మా అమ్మాయి పోలీసుల్లో చేరిపోద్ది" అని అరిచాడు. వాడికి తెలిసింది అదీ! ఆ మాట రేవంతా చాటాడు. నాలుగు రోజులుగా నన్నందరూ ఎస్సైగారి మావయ్యా అంటున్నారు. ఇదంతా నీవల్లే.

రెండోసారి చదివేటప్పుడు, ఓస్, తీర్థంలో బెలూన్లు పేల్చే తుపాకీయే కదా అనుకున్నాను. మూడోసారి చదివితే ఆ బొట్టుబిళ్ళ మాట దగ్గర ఆగిపోయాను. మీ అత్త బొట్టుబిళ్ళ ఒకటి అడిగి తీసుకుని, షెడ్డులో ఉన్న పడవ ముందు కొసన అంటించి, వెనక కొసకి వెళ్ళి నిలబడ్డాను. కనపడలేదే! కళ్ళజోడు తీసి చూశాను, పెట్టుకుని చూశాను. అక్కడ బొట్టుందని నాకు తెలుసు కాబట్టి ఉందనుకోవాలి. నువ్వు దాన్ని చూడడమే కాక ఒంటిచేత్తో కొడతావా? అమ్మమ్మమ్మ! మనింటి పిల్లవేనా నువ్వు?

సరే, పని మాటకొద్దాం. చెక్క చెక్కే బాడిశకి పిడి వేసినప్పుడు అది కుదిరిందో లేదో మేమెలా చూస్తామో విను. కళ్ళు మూసుకుని పట్టుకుంటాం. అలాగే పైకెత్తుతాం. అప్పుడు కళ్ళు తెరుస్తాం. బాడిశ అంచు తిన్నగా చెక్కకేసి చూస్తుంటే ఆ పిడి మనది. పక్కకి చూస్తుంటే ఎంత నున్నటి పిడైనా పొయ్యిలోకే. నువ్వూ అలా చూసుకో.

ఇక ఏది తీసుకోవాలంటావా? పిడి చెక్క. నువ్వు ట్రిగ్గరన్నావే, ఆ మీట ఇనుము. చెక్కని నేను చెక్కగలను. ఇనుముని నీ వేలి దగ్గరికి లాక్కురావడం నా తాతవల్ల కూడా కాదు. వేలికి అందేదే తీసుకో. పిడి సంగతి నాకొదిలెయ్.

చెరువుగట్టు బంకమట్టి దోసెడు తీసుకుని, తుపాకీ పట్టుకున్నట్టే పిసికి, వేళ్ళ అచ్చు పడ్డాక పంపు. నీ చెయ్యి నా దగ్గరున్నట్టే ఉంటుంది.

చెవులు పోయినా చేతులున్న
నీ మావయ్య


భీమవరం,
16 అక్టోబరు 2025

మావయ్యా, దండాలు. మీకో సంగతి చెప్పాలి, చెప్పకపోతే నేను నిలవలేను.

మీ ఉత్తరం ఐజాక్ సార్‌కి చదివి వినిపించాను. బాడిశ పిడి దగ్గరికి రాగానే ఆయన లేచి, "ఇలా ఇవ్వమ్మా" అని కాగితం తీసుకుని తనే చదువుకున్నారు. ఆయన పదిహేనేళ్ళు సైన్యంలో ఉండొచ్చిన మనిషి, ఊరికే దేనికీ చలించరు. "మీ మావయ్యగారు షూటింగ్ ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు. పడవలు కడతారండి అన్నాను. ఆ కాగితం మళ్ళీ చదివారు. ఎందుకో తెలుసా? మా మొదటి రోజున మాకు ఆయన నేర్పింది అదే. కళ్ళు మూసుకో, పిస్టల్ ఎత్తు, కళ్ళు తెరువు, ముందున్న సైటు, అంటే గురి చూసుకునే మొన, వెనక గంటులో తిన్నగా నిలబడి ఉంటే ఆ పిస్టల్ నీది. మాట కూడా మారలేదు! తాళ్ళరేవులో బాడిశ పట్టుకునే మీకూ, ఎక్కడో ఇలాంటి యంత్రాలు చేసే వాళ్ళకీ ఒకే నిజం ఎలా తెలిసింది?

మీరు చెప్పినట్టే రెండోదాన్ని ఖాయం చేశాను. ఉదయభాస్కర్‌గారు తెప్పించేశారు కూడా. చిన్న సైజు పిడి కావాలంటే విదేశం నుంచి రావాలట, మూడు నెలలు పడుతుందట. అప్పటికి ట్రయల్స్ అయిపోతాయి. కాబట్టి నాకు మీ పిడే దిక్కు.

మట్టిముద్ద గుడ్డలో చుట్టి పార్సెల్ చేశాను. దాంతోపాటు ఇదే రకం పిస్టల్‌ది విరిగిపోయిన పాత పిడి ఒకటి ఐజాక్ సార్ బీరువాలో దొరికితే అదీ పెట్టాను. లోపలి గాడికి అదే కొలత. రెండు నిబంధనలు మాత్రం మరవకండి. పిడి నా చేతిని చుట్టూ కమ్మేయకూడదు. పిస్టల్ మొత్తం ఐదు సెంటీమీటర్ల వెడల్పు పెట్టెలో పట్టాలి. పోటీకి ముందు పెట్టెలో పెట్టి చూస్తారు, పట్టకపోతే లోపలికే రానివ్వరు. ట్రిగ్గరుని కూడా తూస్తారు. అరకిలో బరువు దానికి తగిలించి ఎత్తితే మీట జారకూడదు.

మీ చేతుల మీద కొండంత నమ్మకంతో
సాయిదుర్గ


తాళ్ళరేవు,
4 నవంబరు 2025

అరకిలో బరువుని వేలికొసతో తూచే పిల్లకి మావయ్య రాసేది.

తుఫాను వల్ల ఆలస్యమైంది. షెడ్డుమీద రేకులు నాలుగు ఎగిరిపోయాయి, కరెంటు ఐదు రోజులు లేదు. మనుషులం బాగానే ఉన్నాం. మీ నాన్న పడవ బాగానే ఉంది. పిడి ఇంకా బాగుంది. ఈ ఉత్తరంతో పాటే వస్తుంది, చూసుకో.

పనసచెక్క వాడాను. తుమ్మ వేస్తే బరువు, టేకు వేస్తే జారుడు. పనస తేలిక, చేతిని పట్టుకుంటుంది. నీ మట్టిముద్ద దారిలో రాయిలా గట్టిపడి చక్కగా వచ్చింది, అచ్చు ఎక్కడా చెరగలేదు. ప్రతి వేలికీ ప్రతి గుంటకీ ఈనెపుల్లతో కొలత తీసుకున్నాను.

నా చూపుడువేలు సంగతి నీకు తెలుసుగా, ఎప్పుడో రంపం సగం తినేసింది. మీట దాకా అందడం అంటే ఏంటో లేని వేలితో ఎలా తెలుస్తుంది? మీ అత్తని కూర్చోబెట్టాను. నీదీ దానిదీ ఇంచుమించు ఒకటే చెయ్యి. చెక్కిన ప్రతిసారీ పట్టుకోమనడం, వేలు చాపమనడం. "పొయ్యిమీద రొయ్యలు మాడిపోతన్నాయండీ, నన్నొదలండీ బాబూ" అని మొత్తుకుంది. మాడిన రొయ్యలే తిన్నాం.

ఒక చిన్న జాగ్రత్త కూడా తీసుకున్నాను. తడి తగిలితే చెక్క ఉబ్బుతుంది. తెడ్డుకైనా చుక్కానికైనా మేం ఆ సందు వదిలే చేస్తాం. నీ చేతి చెమటకి ఇదీ ఉబ్బుతుంది కదా అని చుట్టూరా గోటి మందం తగ్గించాను. నెల తిరిగేసరికి నిండుగా కూర్చుంటుంది.

అబద్ధమెందుకు, నా పని నేనే చూసి మురిసిపోయాను. వీరబ్రహ్మం అని మా షెడ్డులో పెద్ద మేస్త్రీ ఉన్నాడే, ఎవరి పనీ మెచ్చనివాడు, చేతిలోకి తీసుకుని వదల్లేదు. దీంతో పది గుళ్ళు కొట్టి ఆ కాగితం నాకు పంపు. బొట్టు ఎగిరిపోయిందో లేదో నేను చూడాలి.

మీసం మెలేస్తున్న
మావయ్య


భీమవరం,
10 నవంబరు 2025

మావయ్యా, దండాలు.

పిడి అందింది. ఎంత బాగుందో చెప్పలేను. రేంజిలో అందరూ చుట్టూ మూగిపోయారు. ఉషారాణి అని నా పక్క లేన్ అమ్మాయి, దాన్ని చెంపకి ఆనించుకుని "ఇది చెక్కేనా?" అని అడిగింది. నున్నగా, బంగారం రంగులో మెరిసిపోతోంది. చేతికి చక్కగా ఉంది. మీకెంత శ్రమ ఇచ్చానో! అత్తయ్యకి కూడా నా దండాలు చెప్పండి, మాడిన రొయ్యలకి నా క్షమాపణలు చెప్పండి.

మీరడిగిన కాగితం పెడుతున్నాను. పది గుళ్ళకి తొంభైలోపే వచ్చింది, కొత్త పిడి కదా, అలవాటు పడాలి. అంతే. మీరేం ఆలోచించకండి.

పరీక్షలు దగ్గరపడ్డాయి, అందుకే చిన్న ఉత్తరం.

మీ
సాయిదుర్గ


తాళ్ళరేవు,
16 నవంబరు 2025

అబద్ధాలకోరుకి.

కాగితం చూశాను. పది చిల్లుల్లో ఎనిమిది కుడిపక్కనే గుమిగూడాయి. మీట దూరమైతే ఎడమకి పోతాయని మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. కుడికి పోయాయంటే మరీ దగ్గరైందన్నమాట. వేలు మీట దాటి లోపలికి పోయి, లాగేటప్పుడు కుడికి గుంజుతోంది. అంటే పిడి సన్నం. మీటని ముందుకి జరుపుకుంటే వేలికి సరిపోతుందేమో, అరచేతిలో వదులు మాత్రం పోదు. చేతికి చక్కగా ఉందంటావా? నీ నోరు ఒకటి చెబుతుంటే నీ చెయ్యి ఇంకోటి చెబుతోందే! మేకు వంకరగా దిగితే సుత్తి పట్టినవాడి చెయ్యి ఎలా ఉందో చెప్పే మనిషిని నేను. నాకా కబుర్లు?

కాగితం ముందేసుకుని తల పట్టుకు కూర్చుంటే మీ అత్త వచ్చి చూసింది. ఆ ఎండిన మట్టిముద్ద చేతిలోకి తీసుకుని, "ఇది పిసికినప్పుడు పచ్చిదేనా?" అంది. అవును అన్నాను. "పచ్చి పొయ్యి ఎండితే ఎంత కుంచించుకుపోద్దో ఏటేటా చూత్తానే ఉన్నారు కదండీ. ముప్ఫైయేళ్ళుగా ఆ పొయ్యిమీద వండిందే తింటన్నారు. మట్టి సంగతి నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?" అంది. చెక్క ఉబ్బుతుందని నాకు తెలుసు. మట్టి ముడుచుకుంటుందని నాకు తట్టలేదు. ముడుచుకున్న కొలత తీసుకుని, దానిమీద మళ్ళీ గోటి మందం తగ్గించాను. వరి కోసిన పొలంలో మేక పడి మిగిలిన మోళ్ళు కూడా మేసినట్టయింది నా పని.

కోపం నీ అబద్ధం మీద కాదు. కాదు, దానిమీద కూడా. నా మాట పట్టుకుని నువ్వా తుపాకీ తీసుకున్నావు. నీ ఆఖరి అవకాశం ఇప్పుడు నా చెక్కముక్క మీద ఉంది. అది చాలదని నువ్వు నాకు చెప్పకుండా, పెద్దాయన నొచ్చుకుంటాడని నోరు మూసుకుని విజయవాడ వెళ్ళి ఓడిపోయి వచ్చేదానివి. అప్పుడు నేను ఏ మొహంతో బతకాలి? ఆలోచించావా?

ఇరవైమూడో తేదీ ఆదివారం వస్తున్నాను. లావుగా కోసిన కొత్త చెక్క తెస్తాను. ఆ మర్యాద ఏదో చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలేసి కూర్చో.

పల్లంరాజు


భీమవరం,
25 నవంబరు 2025

మావయ్యా,

ఆదివారం మీతో ఒక్క మాటా మాట్లాడలేకపోయాను. మాట్లాడినా మీకు వినపడదు, వినపడినా నా నోటమ్మట వచ్చేది కాదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. తప్పయింది. ఇంకెప్పుడూ మీ పనికి అబద్ధం చెప్పను.

మీరు సంచీ విప్పి ఉలులూ ఆకురాళ్ళూ గోనెపట్టా మీద పరుచుకుంటుంటే ఉషారాణి వాళ్ళు నవ్వుకున్నారు. చెక్క ఎక్కువైతే మీ భుజం మీద ఒకసారి తట్టమన్నారు మీరు, తక్కువైతే రెండుసార్లు. నేను కళ్ళు మూసుకుని ఎత్తడం, తెరిచి చూడడం, తట్టడం. మీరు మళ్ళీ గీయడం. ముప్ఫైఏడు సార్లు గీశారు, లెక్కపెట్టాను. పన్నెండోసారి నేను చాల్లే అనుకుని ఊరుకుంటే నా మొహంలోకి ఒక్క చూపు చూశారు. ఆ చూపుకి నా చెయ్యి తనంతట తనే మీ భుజం తట్టింది. ఇరవై దాటాక నవ్వేవాళ్ళు లేరు, అందరూ నేలమీద చతికిలబడి చూస్తున్నారు.

ఆఖరిసారి మీరు తీసింది ఉల్లిపొరంత పొట్టు. దానికేం తేడా వస్తుందిలే అనుకున్నాను. కళ్ళు మూసుకుని ఎత్తాను, తెరిచాను. ముందు సైటు వెనక గంటులో నడిమధ్యన నిలబడి ఉంది. నేను పెట్టలేదు మావయ్యా, అదే వచ్చి నిలబడింది. వేలు చాపితే ట్రిగ్గరు అక్కడే ఉంది. దించి మళ్ళీ ఎత్తాను, మళ్ళీ అక్కడే. ఐజాక్ సార్ అందరిముందూ మీ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకోబోతే మీరు "ఏంటండీ ఇది" అని లాక్కున్నారు. ఆయనకి సిగ్గేయలేదు, మీకేసింది.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. మీరు చూడలేదు.

సాయిదుర్గ


తాళ్ళరేవు,
1 డిసెంబరు 2025

నా తల్లికి.

ఏడవడం చూశాను. పాలకొల్లు, రాజోలు, అమలాపురం, యానాం, ఇన్ని ఊళ్ళు దాటి ఇంటికొచ్చేదాకా ఒకటే తలుచుకున్నాను. మీ అత్త "ఏం చూశారండీ అక్కడ?" అని అరిచి అరిచి అడిగింది. దానికి చెప్పలేకపోయాను. నీకు చెబుతాను.

పిడి కుదిరాక నువ్వు చెయ్యి చాపి నిలబడ్డావు. ఊపిరి సగం వదిలి ఆపావు. నేను నీకు మూరెడు దూరంలో ఉన్నాను. నీ కణత దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనపడింది. ఒకసారి కొట్టుకుంది, ఇంకోసారి కొట్టుకోబోయే లోపల నీ వేలు కదిలింది. వేలొక్కటే! మోచెయ్యి కదల్లేదు, మణికట్టు కదల్లేదు, కనురెప్ప కూడా. మనిషి ఒంట్లో ఒక్క కణుపు మాత్రమే కదిలి మిగతాదంతా రాయిలా ఉండగలదని నాకు అరవై మూడేళ్ళు వచ్చేదాకా తెలియదు. నువ్వు మీ అమ్మ ఒళ్ళో ఒక్క క్షణం నిలిచేదానివి కాదు. ఎక్కడ నేర్చావే ఇంత కదలకుండా ఉండటం?

ఆ ఆదివారం నువ్వు కొట్టిన ఆరు కాగితాలూ ఒకదానిమీద ఒకటి అంచులు కలిపి కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. అక్కడక్కడ చెదురుగా ఉన్న చిల్లులన్నీ వెనక కాగితంతో మూసుకుపోయాయి. నడిమధ్యన మాత్రం ఆరు కాగితాల్లోంచీ వెలుగొచ్చింది. శనగగింజంత. ఆ ఆరు కాగితాల మధ్యలో నువ్వు నీళ్ళు తాగావు, చెమట తుడుచుకున్నావు, ఆ ఉషారాణితో ఏదో గొడవపడ్డావు. అయినా ప్రతిసారీ అదే చోటుకి తిరిగొచ్చావు. నేను నలభైయేళ్ళలో రెండువందల పడవలకి పైగా కట్టాను. ఏ రెండూ అచ్చం ఒకేలా దిగలేదు. నీ ముందు నేనెంత అనిపించింది. ఇందులో చిన్నతనం లేదు, నిజంగా అనిపించింది కాబట్టే రాస్తున్నాను.

ఆ కాగితాలు అలాగే ఎత్తి పెట్టాను. మీ అత్త ముట్టుకోబోతే కసిరాను.

పద్నాలుగో తేదీ కోసం వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంటున్న
తొమ్మిదిన్నర వేళ్ళ మావయ్య


విజయవాడ,
14 డిసెంబరు 2025

మావయ్యా,

నాన్న ఫోన్ చేసి మీకు అంకె చెప్పేసి ఉంటారు. జరిగింది ఆయనకి తెలియదు, మీకే చెబుతున్నాను.

పొద్దున పిస్టల్ని పెట్టెలో పెట్టి చూశారు. పట్టింది. ఎటూ వెంట్రుకవాసి మిగల్లేదు. మీట తూచారు, నిలబడింది. లోపలికి వెళ్ళాను. పెద్ద ఏసీ హాలు. బయట చలి, లోపల ఇంకా చలి. మన భీమవరంలో మేత షాపు మేడమీద రేకుల కింద చెమటలు కక్కుకుంటూ ఆడేదాన్ని, నాకు పళ్ళు టకటకలాడాయి.

మొదటి పది గుళ్ళకి ఎనభై తొమ్మిది వచ్చాయి. గుళ్ళు ఎడమకి, కిందకి చెదిరాయి. అలా అయిదుసార్లు కొడితే ఇంక ఇంటికే. ఆటలో కోచ్‌ని అడగకూడదు. ఐజాక్ సార్ వెనక కుర్చీలో కూర్చుని నేలకేసి చూస్తున్నారు.

పిస్టల్ని బల్లమీద పెట్టేశాను. కళ్ళు మూసుకుని ఎత్తాను, తెరిచాను. సైటు పక్కకి చూస్తోంది. అరచేతి మడమ దగ్గర సందు. మీరు చేసిన పిడి రాత్రికి రాత్రి ఎలా వదులైంది? ఒక్క క్షణం మీమీద కోపమొచ్చింది, దాచను. తర్వాత నా చెయ్యి చూసుకున్నాను. వేళ్ళు పాలిపోయి, ముడుచుకుపోయి ఉన్నాయి. వదులైంది పిడి కాదు. మీరు కొలిచిన చెయ్యి మిట్టమధ్యాహ్నం ఉక్కలో, రక్తం నిండి ఉన్న చెయ్యి. ఈ చెయ్యి అది కాదు.

అప్పుడు పుష్యమాసం తెల్లారుజామున వల లాగేముందు నాన్నావాళ్ళు చేసేదే చేశాను. చెయ్యి చంకలో పెట్టుకున్నాను. తీసి, భుజం నుంచి గిరగిరా తిప్పాను. పిడికిలి బిగించడం, విప్పడం, మళ్ళీ చంకలో. పక్క లేన్ అమ్మాయి ఈలోపు ఏడు గుళ్ళు కొట్టేసింది. అందరూ నన్నే చూస్తున్నారు, ఎవరో నవ్వారు కూడా. వేళ్ళ కొసలు ఎర్రబడి చిమచిమలాడేదాకా ఆపలేదు. అప్పుడెత్తాను.

తొంభై రెండు. తొంభై నాలుగు. తొంభై అయిదు. ప్రతి పదికీ మధ్య మళ్ళీ చంకలో పెట్టుకుంటూనే ఉన్నాను. తొంభై అయిదు. ఆఖరి పదికి తొంభై ఆరు. మొత్తం ఐదువందల అరవై ఒకటి. జట్టులో ఉన్నాను మావయ్యా!

ఒక్క మార్కు. ఒక్కటే మిగిలింది నాకు. ఇందాకటి నుంచి నా చేతినే చూసుకుంటున్నాను. ఇరవైయేళ్ళుగా నాతోనే ఉంది, ఇవాళే దీన్ని చూసినట్టుంది.

సాయిదుర్గ


తాళ్ళరేవు,
19 డిసెంబరు 2025

జట్టులో చేరిన మేనకోడలికి.

మీ నాన్న రేవులో టపాకాయలు కాల్చాడు. చప్పుడు నాకు లీలగా వినపడింది, లేదా వినపడిందనుకున్నాను. అందరికీ కూల్‌డ్రింకులు పోయించాడు. పోలీసు కాదురా బాబూ, జట్టు అని నేనెంత చెప్పినా వినడు.

నీ ఉత్తరం మీ అత్త చేత కూడా చదివించాను. చెయ్యి చంకలో పెట్టుకున్న దగ్గర అది చదవడం ఆపి కొంగుతో కళ్ళొత్తుకుంది. నేనింకా తేరుకోలేదు. నలభైయేళ్ళుగా చెక్క కదులుతుంది, చెక్క మారుతుంది, చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంటుంది అనుకుని పనిచేశాను. పిడి కుదరకపోతే చెక్కకే బాడిశ వేశాను. చేతినే పిడికి సరిపోయేలా తెచ్చుకోవచ్చని, అదీ అంతమంది ముందు, ఆఖరి అవకాశం చేతిలోంచి జారిపోతున్నప్పుడు, ఇరవైయేళ్ళ పిల్లకి ఎలా తట్టింది? ఇది నేను నేర్పింది కాదు. ఐజాక్‌గారు నేర్పిందీ కాదు. నాకు దండం పెట్టాలనిపించింది. చిన్నదానివి కాబట్టి ఆగాను.

నామీద కోపమొచ్చిందని రాశావు చూడు, అది చదివి హాయిగా ఉంది. ఇప్పుడు నువ్వు నాకు నిజమే చెబుతావని తెలిసింది.

ఒక్కటి అడుగుతాను. విజయవాడలో కొట్టిన ప్రతి పది గుళ్ళకీ విడివిడిగా కాగితాలు అచ్చువేసి ఇస్తారని, నేనక్కడికి వచ్చినప్పుడు ఐజాక్‌గారు కాగితం మీద రాసి చూపించారు. తొంభై ఆరు వచ్చిన కాగితం మీ నాన్నకివ్వు, పటం కట్టించుకుంటాడు. ఎనభై తొమ్మిది వచ్చింది మాత్రం నాకు పంపు. చలికి ముడుచుకున్న చెయ్యి ఎక్కడ ఖాళీ వదిలిందో ఆ గుళ్ళ గుర్తుల్లో ఉంటుంది. చలిలో పట్టుకునే పిడికని ఇప్పటికే ఇంకో పనసచెక్క కోసి నీడన ఆరబెట్టాను.

నీ దగ్గర నేర్చుకోవలసింది ఇంకా ఉన్న
పల్లంరాజు మావయ్య